పస్తూ ఉపవాసమూ

2022 జులైలో బళ్లు తెరిచిన మొదటి వారం. మధ్యాహ్నం స్టాఫ్ రూములో అందరం క్యారేజీలు విప్పుకుని కూర్చున్నాం. కోనసీమ నుంచి వచ్చి మా బళ్లో పనిచేస్తున్న ఒక మేస్టారు పప్పన్నం కలుపుకుంటూ అన్నారు:

"ఏ మాటకామాటే చెప్పుకోవాలండి. నెట్టు ఆపేసిన ఆ రెండు వారాలూ మా ఇంట్లో ఎంత హాయిగా ఉందనుకున్నారు! పిల్లలు అరుగు మీదకొచ్చి కూర్చున్నారు. నేనూ మా ఆవిడా ఎన్నేళ్లకో నోరారా మాట్లాడుకున్నాం. నన్నడిగితే ఏడాదికో నెల ఇంటర్నెట్టు ఆపెయ్యాలండి. ఉపవాసం ఒంటికి మంచిదంటారు కదా, ఇది మనసుకి."

అందరూ అవునవునన్నారు. నేనూ నవ్వాను. నవ్వాను గానీ ముద్ద గొంతు దిగలేదు.

ఆయన చెడ్డ మనిషేం కాదు. నా క్యారేజీలో చేపల పులుసు అడిగి వేయించుకుని తినే మనిషి. ఆయన చెప్పింది అబద్ధమూ కాదు. వాళ్లింట్లో హాయిగానే ఉండి ఉంటుంది. కానీ అదే కోనసీమలో, అవే రెండు వారాలు, మా చెల్లెలి కూతురు కూడా ఉంది. ఐదేళ్ల పిల్ల. వాళ్లమ్మ కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. పిల్ల అమలాపురం పక్కన ఒక ఊళ్లో నాన్నమ్మ దగ్గర ఉంటుంది. రోజూ రాత్రి ఫోన్లో వాళ్లమ్మ మొహం చూసుకుంటూ నిద్రపోవడం దానికి అలవాటు. మే 24 గొడవల తర్వాత ఆ మొహం కనపడటం మానేసింది. మా చెల్లి డబ్బులు పోసి మామూలు ఫోను చేసింది. పిల్ల ఫోను చెవి దగ్గర పెట్టుకోలేదు. ఎదురుగా పట్టుకుని చూసింది. అద్దం నల్లగా ఉంది. "అమ్మ లేదు" అని నాన్నమ్మ చేతికిచ్చేసి వెళ్లిపోయింది. అవతల మా చెల్లి వింటానే ఉంది.

ఆ మేస్టారిది ఉపవాసం. మా చెల్లిది పస్తు. రెండిట్లోనూ కడుపు ఖాళీయే. డబ్బాలో బియ్యం ఉండి తినడం మానేస్తే దాన్ని ఉపవాసమంటారు. బియ్యమే లేకపోతే దాన్ని ఉపవాసమని ఎవడూ అనడు. ఈ మాట ఆ రోజు ఆయనతో అనలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను. ఇంటర్నెట్టు లేని బతుకు గొప్పదా, ఉన్న బతుకు గొప్పదా, అందులో దొరికే సంతోషం నిజమైనదా ఉత్తదా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. అడిగేవాళ్లు ముందు ఎవరి బతుకు గురించి అడుగుతున్నారో చెప్పాలి. నేను మా బతుకు గురించి చెప్తాను.

మాది తణుకు దగ్గర ఒక పల్లె. ఊరికీ మా పేటకీ మధ్య పంటకాలవ. 1995 ఆగస్టు 15న మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్టు ఇచ్చారని తర్వాతెప్పుడో చదువుకున్నాను. ఆ తర్వాత రెండేళ్లకి, 1997లో, మా అమ్మ కువైట్ వెళ్లింది. ఊడ్పులూ కోతలూ చెరుకు నరుకుడూ ఎన్ని చేసినా తీరని అప్పు ఉంది మాకు. గోదావరి జిల్లాల పేటల్లో అలా వెళ్లిన ఆడవాళ్లు ఎంతోమంది. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు, చెల్లికి నాలుగు.

అమ్మకి చదువు రాదు. నాన్నకీ రాదు. అక్కడ కడప జిల్లా నుంచి వచ్చిన ఒకావిడ చేత అమ్మ ఉత్తరం రాయించేది. అది పదిహేను ఇరవై రోజులకి మా ఊరొచ్చేది. మా పేటకి వచ్చేది కాదు. ఆ రోజుల్లో ఉత్తరాలు కూడా కాలవ దాటేవి కావు. నాన్న పాలేరుగా ఉన్న కామందు ఇంటి అడ్రసు మీద వచ్చేది. ఆయన అరుగు మీద కూర్చుని చింపేవాడు. నాన్న తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని వాకిట్లో నిలబడేవాడు. నేను నాన్న పక్కన. అరుగు మీద ఎప్పుడూ ఇంకో ముగ్గురు నలుగురు ఉండేవారు. డబ్బు సంగతి ముందు చదివేవాడు కామందు. తన బాకీ అందులోంచే తీరాలి కదా. తర్వాత మిగతాది.

ఒక ఉత్తరంలో అమ్మ ఇలా రాయించింది: "మావా, రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. నీ చెయ్యి తల కింద లేకపోతే నాకు నిద్ర రాదని నీకు తెలుసు గదా." ఆ కడప ఆవిడ ఎంత మంచిదో, ఒక్క ముక్క మార్చకుండా రాసింది. ఈయనా ఒక్క ముక్క మార్చకుండా చదివాడు. రెండోసారి గొంతు మార్చి చదివాడు. అరుగంతా నవ్వింది.

"ఒరేయ్, నీ పెళ్లానికి నీ చెయ్యి కావాలంటరా. నరికి పార్సిలు చేద్దామా?"

నాన్న కూడా నవ్వాడు. నవ్వకపోతే ఉత్తరం చేతికి రాదు.

తిరిగొచ్చేటప్పుడు కాలవ గట్టు మీద నాన్న ఏమీ మాట్లాడలేదు. పేట మొదట్లో చర్చి దగ్గరికొచ్చాక ఆగి, "ఒరే, నువ్వు బేగా సదువు నేర్సుకోరా" అన్నాడు. అప్పటికి నాకు వాచకంలో అచ్చక్షరాలు వచ్చు గానీ చేతిరాత కూడబలుక్కోలేకపోయేవాణ్ణి. మూడు నెలల్లో నేర్చుకున్నాను. ఆ తర్వాత నాన్న ఆ అరుగు దగ్గర ఉత్తరం విప్పించలేదు. "మా వోడు సదువుతాడండి" అని చెయ్యి చాపి పుచ్చుకునేవాడు. నీ చదువుకి కారణమెవరని సభల్లో ఎవరన్నా అడిగితే బాబాసాహెబ్ పేరు చెప్తుంటాను. అదీ నిజమే. కానీ ఆయన పేరు నేను వినడానికి ముందే అరుగు మీద ఆ నవ్వు విన్నాను.

ఉత్తరాల రోజులే బాగుండేవి, ఎదురుచూడటంలో ఉన్న తీపి ఈ ఫోన్ల కాలంలో ఎక్కడుంది అని కొందరు రాస్తుంటారు. చదివినప్పుడల్లా నాకు తలగుడ్డ పట్టుకుని నిలబడ్డ నాన్న గుర్తొస్తాడు. ఎదురుచూపు తీపిగా ఉండాలంటే ఆ ఉత్తరం నీ గుమ్మంలోకి రావాలి. నువ్వే చింపుకోవాలి. నీ పెళ్లాం మాట నీ ఒక్కడి చెవిలోనే పడాలి. ఇవన్నీ ఉన్నవాళ్లకి ఆ కాలం తీపి. మాకు ఆ కాలంలో పెళ్లాం మాటకి కూడా వేరొకడి నోరు కావాల్సి వచ్చింది.

ఉత్తరాలే కాదు, లోకం సంగతులూ అంతే. 1985 జులై 17న కారంచేడులో మనవాళ్లని చంపిన సంగతి మా నాన్నకి ఆ ఆదివారం చర్చిలో పాస్టరు గారు ప్రార్థన చేస్తూ చెప్తే తెలిసిందట. పేటలోకి పేపరొచ్చేది కాదు. చదువొచ్చినవాడెవడన్నా ఊళ్లో టీ కొట్టుకెళితే అక్కడ మన గ్లాసు వేరే. పేపరు అరుగుల మీదంతా తిరిగి, నలిగి, సాయంత్రానికి మన చేతికి రావాలి. టీకి రెండు గ్లాసులున్నట్టే వార్తకీ రెండు గ్లాసులుండేవి. 1991 ఆగస్టులో చుండూరు జరిగినప్పుడు కూడా మా పేట సంగతి ఇంతే.

మన మాట ఎవరు మోసుకెళ్తారన్నది మనకి కొత్తగా వచ్చిన ప్రశ్న కాదు. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది. దమయంతికి హంస దొరికింది. 1941లో జాషువా గారి కావ్యంలో అంటరానివాడికి మాత్రం గబ్బిలమే దిక్కయింది. కాశీలో శివుడికి తన గోడు చేరాలంటే, అతణ్ణి రానివ్వని గుడిలోకి గబ్బిలం ఒక్కటే వెళ్లగలదు. 1920 జనవరి 31న అంబేద్కర్ 'మూక్‌నాయక్' పత్రిక మొదలుపెట్టినప్పుడు, డబ్బు కడతామన్నా ఆ ప్రకటన వేసుకోడానికి 'కేసరి' పత్రిక ఒప్పుకోలేదు. 1931లో హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 'భాగ్యనగర్' అని సొంత పత్రిక పెట్టుకున్నారు. 1936లో లాహోరు జాత్‌పాత్ తోడక్ మండల్ వాళ్లు అంబేద్కర్‌ని పిలిచి, ఆయన రాసింది చూసి భయపడి సభే మానుకున్నారు. చెప్పనివ్వని ఆ ఉపన్యాసాన్ని ఆయన సొంత ఖర్చుతో అచ్చు వేయించారు. అదే 'కులనిర్మూలన'. ఈ పెద్దలు పత్రికల కోసం పడ్డ పాట్లూ, మా నాన్న గట్టు మీద నాతో అన్న మాటా నాకు ఒకటిగానే కనపడతాయి. చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య అరుగు ఉండకూడదు. అంతే.

ఇలా చూస్తే ఇంటర్నెట్టు మాకు కాలక్షేపం కాదని తెలుస్తుంది. 2016లో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. ఆ సెప్టెంబరులోనే జియో వచ్చి, డేటా మాలాంటివాళ్లు కొనుక్కోగలిగే ధరకి దిగింది. నేను చదువుకునేటప్పుడు అంబేద్కర్ సంపుటాలు లైబ్రరీ బీరువాలో తాళం వేసి ఉండేవి. తాళం చెవి ఉన్నాయన ఎప్పుడూ సెలవులోనే ఉండేవాడు. ఇప్పుడవి రాత్రి పదింటికి పక్క మీద పడుకుని చదువుకున్నాను. ఒక్కణ్ణే చదువుతూ ఒక్కణ్ణే నవ్వుకున్నాను. అది ఉత్త సంతోషమంటే ఒప్పుకోను. అదే ఏడాది జనవరి 17న హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయినప్పుడు అతని ఉత్తరం ఏ అరుగు మీదా ఆగలేదు. రాత్రికి రాత్రి లోకమంతా చదివింది. 2017లో మా జిల్లాలోనే పాలకోడేరు మండలం గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం దగ్గర మొదలైన గొడవతో మనవాళ్లని సాంఘిక బహిష్కరణ చేశారు. పనుల్లోకి పిలవడం మానేశారు. ఆ సంగతి నేను ముందు ఫోన్లో చూశాను, తర్వాతే పేపర్లో చూశాను. మా నాన్న కాలంలో అయితే ఏ ఆదివారం ప్రార్థనలోనో తెలిసేది.

ఇంకో చిన్న సంతోషం కూడా చెప్పాలి. 2004లో అమ్మ తిరిగొచ్చేసింది. 2021లో చెల్లి వెళ్లింది. అమ్మకి ఇప్పటికీ చదువు రాదు గానీ ఇమోలో ఆకుపచ్చ బొమ్మ ఎక్కడ నొక్కాలో తెలుసు. సాయంత్రం బియ్యం డబ్బాకి ఫోను ఆనించి పెడుతుంది. అక్కడ చెల్లి గిన్నెలు తోముతుంటుంది, ఇక్కడ అమ్మ చేపలు బాగు చేస్తుంటుంది. గంటసేపు ఒక్క మాటా ఉండదు. మధ్యలో ఎప్పుడో, "ఉప్పు ఏసేవా?" అంటుంది చెల్లి అక్కణ్ణుంచి. "ఏసేన్లే" అంటుంది అమ్మ. ఒకసారి నేను, "ఏం మాట్లాడుకోరేంటమ్మా, డేటా దండగ" అన్నాను. అమ్మ కత్తిపీట మీంచి తలెత్తకుండా, "నా ఉత్తరం ఆళ్లంతా సదివేరు గదరా. ఇది ఎవుడూ సదవలేడు" అంది. అరుగు మీద ఏం జరిగిందో అమ్మకి తెలుసని ఆ రోజు దాకా నాకు తెలీదు. నాన్న చెప్పి ఉంటాడు.

తెర మీద దొరికేది అసలైన సంతోషం కాదు, నీడ మాత్రమే అనేవాళ్లు ఒక గంట మా వంటింట్లో కూర్చుని చూడాలి.

ఇప్పుడు కోనసీమ సంగతికొస్తాను. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. మా ఏలూరు వేరయింది, కోనసీమ వేరయింది. కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామని మే నెలలో ప్రభుత్వం చెప్పింది. మే 24న అమలాపురంలో ఆ పేరు వద్దంటూ గుంపులు రోడ్డెక్కాయి. మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. ఇంటర్నెట్టు ఆపేశారు. కొన్ని మండలాల్లో దాదాపు రెండు వారాలు రాలేదు. వాట్సాప్ గ్రూపుల్లోనే గుంపులు కూడాయని పోలీసులు చెప్పారు. అది నిజమే కావచ్చు. మా చెల్లి మొహం మోసుకొచ్చిన తీగే ఆ నిప్పునీ మోసుకెళ్లింది. దాన్ని దేవుణ్ణి చేసి మొక్కాలని నేననడం లేదు.

కానీ నేనడిగేది ఇదీ. నిప్పు పెట్టింది ఎవరు, పస్తున్నది ఎవరు? వద్దన్నది మన నాయకుడి పేరు. ఆ పేరు వద్దని ఇళ్లు తగలబడితే, భయంతో ఒకళ్లకొకళ్లు ఫోన్లు చేసుకోవాల్సింది మన పేటలవాళ్లు. పక్క ఊళ్లో ఏమైందో, మన పిల్లలు క్షేమమో కాదో తెలుసుకోవాల్సిన రోజునే నెట్టు ఆగింది. 2020 జనవరిలో అనూరాధ భసీన్ కేసులో సుప్రీంకోర్టు, ఇంటర్నెట్టు ద్వారా మాట్లాడుకునే స్వేచ్ఛకి రాజ్యాంగం 19వ అధికరణం రక్ష ఉందనీ, గడువు లేకుండా ఆపడం కుదరదనీ, ఆపే ఉత్తర్వు బయట పెట్టాలనీ చెప్పింది. అయినా 2022లో మన దేశంలో 84 సార్లు ఇంటర్నెట్టు ఆపారని యాక్సెస్ నౌ అనే సంస్థ లెక్క. అంటే అరుగు పోలేదు. ఊరి మధ్య నుంచి లేచి ఇంకా ఎత్తున ఎక్కడో కూర్చుంది. ఉత్తరం విప్పాలా వద్దా అన్నది ఇప్పటికీ మన చేతిలో లేదు.

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం నాకు సుఖంగానే ఉంటుంది. కామందు తప్పు చెప్పాను, సర్కారు తప్పు చెప్పాను, తోటి మేస్టారి తప్పు చెప్పాను. నా తప్పు చెప్పలేదు.

నేను పనిచేసేది కొల్లేటి అంచున ఒక హైస్కూల్లో. సాంఘిక శాస్త్రం చెప్తాను. 2020లో కరోనాకి బళ్లు మూసేశారు. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేశారు. పిల్లల్ని మూడు రకాలుగా లెక్క రాయమన్నారు. నెట్టున్న ఫోను ఉంటే హైటెక్, టీవీయో రేడియోయో ఉంటే లోటెక్, ఏదీ లేకపోతే నోటెక్. రిజిస్టరు ముందు పెట్టుకుని రాస్తుంటే నోటెక్ గడి కింద నేను రాసిన పేర్లలో ఎక్కువ పేటలవే. అందులో ఒక పిల్లాడు తొమ్మిదో తరగతి. మ్యాపులు బాగా గీసేవాడు. కొల్లేటి మ్యాపు గీసి, అందులో బుడమేరు, తమ్మిలేరు ఎక్కడ కలుస్తాయో, ఉప్పుటేరు ఎటు పోతుందో చూడకుండా పెట్టేవాడు. వాళ్ల నాన్న చేపల చెరువు మీద కాపలా. ఇంట్లో ఉన్నది నొక్కుడు ఫోను, అదీ నాన్న దగ్గరే ఉండేది.

ఆగస్టులో ఒక రాత్రి ఆ పిల్లాడి మీద ఫేస్‌బుక్‌లో రాశాను. పేరు రాయలేదు. 'నోటెక్' అన్న మాట పట్టుకుని, ఇది కొత్త అంటరానితనం అని, ఏకలవ్యుడి వేలు దగ్గర్నుంచి ఎత్తుకుని బాగా రాశాను. రాత్రంతా ఫోను టింగు టింగుమంటూనే ఉంది. తెల్లారేసరికి ఏడు వందల మంది మెచ్చుకున్నారు. ఎక్కడెక్కడి మనవాళ్లో, అమెరికా నుంచి కూడా, జై భీమ్ అని పెట్టారు. ఒక పత్రికవాళ్లు వ్యాసంగా పెంచి ఇమ్మన్నారు. నాకు సంతోషం వేసింది. దాచుకోను, చాలా సంతోషం వేసింది. ఆ వారమంతా అదే సంతోషంలో ఉన్నాను.

ఆ పిల్లాడి ఇల్లు బడికి మూడు కిలోమీటర్లు. చెరువు గట్ల మీద బండి పోతుంది. నేను వెళ్లలేదు.

నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకి బడి తెరిచారు. పిల్లాడు రాలేదు. రెండు వారాలు చూసి అప్పుడు వెళ్లాను. ఇంట్లో తండ్రి ఒక్కడే ఉన్నాడు. పిల్లాణ్ణి సెప్టెంబరులో ఆకివీడు వైపు ఒక చెరువు మీద కాపలాకి పెట్టారట. అడ్వాన్సు తీసుకున్నారట.

"బడి ఇంక ఉండదనుకున్నామండి. ఎవరూ రాలేదు గదండి. మీరు ఆగస్టులో ఒక్కపాలి వొచ్చి సెప్పుంటే పంపేవోణ్ణి కాదండి మేస్టారూ."

ఆగస్టులో. నేను ఆ పిల్లాడి గురించి ఏడు వందల మందికి చెప్పిన నెలలో. ఆ ఇద్దరికీ తప్ప.

గట్టు మీద బండి నడుపుకుంటూ వస్తుంటే నాకు మా ఊరి అరుగు గుర్తొచ్చింది. ఆ కామందు మా అమ్మ మాటని పదిమందికి వినిపించి నవ్వించాడు. నేను ఈ పిల్లాడి పస్తుని ఏడు వందల మందికి వినిపించి మెప్పు పొందాను. ఆయనది ఎగతాళి, నాది సానుభూతి. తేడా లేదనను. కానీ ఇద్దరం చదివింది వాకిట్లో నిలబడ్డవాడి ఉత్తరమే. అది అతని చేతికి చేరిందా లేదా అని ఇద్దరం చూడలేదు.

అందుకని ఈ ప్రశ్నకి నాకు తెలిసినంతలో జవాబు ఇదీ. ఆన్‌లైన్లో దొరికే సంతోషం నిజమా అబద్ధమా అని తెర వైపు చూస్తే తేలదు. మాట ఎవరికి చేరాలో వాళ్లకి చేరిందా అని చూడాలి. బియ్యం డబ్బా దగ్గర అమ్మ సంతోషం నిజం, ఎందుకంటే అవతల చెల్లి ఉంది. పక్క మీద అంబేద్కర్ని చదువుకున్న సంతోషం నిజం, ఎందుకంటే ఆయన రాసింది నాలాంటివాడికే. నా ఏడు వందల మెప్పుల సంతోషం కూడా పూర్తిగా ఉత్తది కాదు. కానీ అది మూడు కిలోమీటర్ల దారికి బదులుగా వచ్చింది. నడవాల్సిన దారికి బదులుగా వచ్చే సంతోషాన్ని మనం అనుమానించాలి. ఉద్యమాల్లో ఉన్నవాళ్లకీ, యూనివర్సిటీల్లో చదువుకుంటున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఈ మాట ప్రత్యేకం చెప్తున్నాను. మన గ్రూపుల్లో పొద్దున్న లేస్తే వంద జై భీములు. మంచిదే. ఆ వందలో మన సొంత పేటవాళ్లు ఎంతమంది?

అక్కడ కులం లేదని కూడా అనుకోకండి. పెళ్లి సంబంధాల సైట్లలో కులానికో గడి ఉంది. రిజర్వేషన్ అని ఒక్క మాట రాసి చూడండి, కింద ఏమేం తిడతారో. అరుగు మీద తిట్టినవాడు మొహం దాచుకోలేదు, ఇక్కడివాడు దాచుకుంటాడు. అయితే 2022 జులైలో కేరళ హైకోర్టు, ఇంటర్నెట్టులో పెట్టిన దూషణ కూడా పదిమంది ఎదుట చేసినట్టే, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందికి వస్తుందని చెప్పింది. అంటే అది కూడా ఊరే. ఊళ్లో ఎలా పోరాడామో అక్కడా అలాగే పోరాడాలి. ఊరు బాగాలేదని ఊరొదిలి పొమ్మంటే పోయామా?

ఇక ఆ మేస్టారు చెప్పిన హాయి. అందులో నిజముందని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఫోను కింద పెడితే గానీ నాకు మూడు కిలోమీటర్ల దారి కనపడలేదు కదా. ఉపవాసం మాకూ కావాలి. కానీ ముందు అన్నం కావాలి. తిండి హక్కు వచ్చాకే ఉపవాసం హక్కు. ఒకడి ఇంట్లో పొయ్యి ఆర్పేసి, చూశావా ఎంత ఆరోగ్యమో అనే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

2023లో ఒక రాత్రి నాకు ఒక మెసేజీ వచ్చింది. "సార్, నేను. గుర్తున్నానా." ఆ పిల్లాడే. చెరువు జీతంలోంచి సొంతంగా ఫోను కొనుక్కున్నాడు. తెల్లవారుజామున చెరువు మీద పక్షులు వాలడం వీడియోలు తీసి పెడుతున్నాడు. వాటికి వచ్చే మెప్పులు చూసుకుని వాడికీ సంతోషమే. కాసేపటికి ఇంకో మెసేజీ: "సార్, 2020లో మీరు రాసింది ఇప్పుడే చదివాను. అందులో పిల్లాడు నేనే కదా సార్. బాగా రాశారు."

మూడేళ్లకి ఉత్తరం చేరింది. దానికి నేనేం జవాబు రాయగలను? అడ్రసు అడిగాను. ఆ ఆదివారం వెళ్లాను.

ఇప్పుడు వాడు సార్వత్రిక విద్యాపీఠంలో పదో తరగతికి కట్టాడు. మొదటిసారి లెక్కలు పోయాయి. మళ్లీ కట్టాడు. వారంలో మూడు రాత్రులు ఫోన్లో చెప్తాను. చెరువు మధ్యలో కాపలా మకాం దగ్గర సిగ్నలు రాదు. గట్టు మలుపులో తుమ్మచెట్టు కింద వస్తుంది. అక్కడ నిలబడి వింటాడు, దోమలు కొట్టుకుంటూ. ఆదివారం మాత్రం నేనే వెళ్తాను. వెళ్లేటప్పుడు నా ఫోను ఆపేసి వెళ్లడం అలవాటు చేసుకున్నాను.

పోయిన ఆదివారం నేను ఫోను ఆపుతుంటే చూసి, "ఎందుకు సార్ ఆపేస్తున్నారు?" అన్నాడు.

"వారానికో పూట ఉపవాసంరా" అన్నాను.

వాడు నవ్వి తన ఫోను చూపించాడు. "నాది నిన్న రాత్రే అయిపోయింది సార్. ముందు నాకు రీచార్జి చేసి, అప్పుడు ఆపుకోండి."

చేసి, అప్పుడు ఆపాను.